మనిషి గంటలూ, యంత్రం క్షణాలూ

పిల్లలూ! మీరు నందిగామలో ఉదయం 8 గంటలకు జగ్గయ్యపేట బస్సు ఎక్కారనుకోండి. సరిగా 9 గంటలకు జగ్గయ్యపేటలో దిగారు. "బస్సు ఎంతసేపు నడిచిందిరా?" అని మీ అమ్మ అడిగితే ఏం చెబుతారు?

"గంట" అంటారు. నేను ఒప్పుకోను. దారిలో చెయ్యెత్తిన చోటల్లా ఆగింది. చిల్లకల్లులో జనం దిగి, జనం ఎక్కేదాకా ఆగింది. ఆ ఆగిన కాలమంతా కూడితే 20 నిమిషాలు. అంటే చక్రాలు తిరిగింది 40 నిమిషాలే. మరి డ్రైవరు మాట? బస్సు ఆగినా ఆయన సీటు దిగలేదు గనక ఆయనకు పట్టింది నిండు గంట. ఇక మీ మాట! మీరు ఏడున్నరకే వచ్చి బస్‌స్టాండులో నిలబడ్డారు. మీకు పట్టింది గంటన్నర.

40 నిమిషాలు, గంట, గంటన్నర. ఈ మూడింటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఏది ఏ ప్రశ్నకు జవాబో తెలియకుండా వాడితేనే చిక్కు వస్తుంది. డీజిలు ఖర్చు లెక్కకు చక్రాలు తిరిగిన కాలం కావాలి. డ్రైవరు జీతానికి సీటు మీద కూర్చున్న కాలం కావాలి. బడి గంట కొట్టే లోపల వస్తారా రారా అని చూడాలంటే మీరు ఇల్లు కదిలిన వేళ కావాలి.

కంప్యూటరు సంగతి కూడా అచ్చంగా ఇంతే. "ఎంతసేపు వాడావు?" అన్న చిన్న ప్రశ్నకు మూడు నాలుగు జవాబులు ఉంటాయి. వాటిని కలగాపులగం చేస్తే ఏమవుతుందో నేను ఒకసారి అనుభవించాను. నా తప్పే గనక చెప్పుకోవడానికి మొగమాటం లేదు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. మన మెట్ట ప్రాంతంలోనే ఒక ఉన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉండేవాణ్ణి. బడికి పది కంప్యూటర్లు వచ్చాయి. గది కడిగించి, కిటికీలకు తెరలు కట్టించి, "చెప్పులు బయట విడువవలెను" అని గుమ్మానికి బోర్డు వ్రాయించాను. బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాను. లోపలికి వచ్చిన వేళ, బయటికి వెళ్ళిన వేళ ఎవరికి వారు వ్రాయాలి. నెలాఖరున నేనే కూర్చుని కూడి, ఎవరు ఎన్ని గంటలు వాడారో ఎర్ర సిరాతో వేసేవాణ్ణి. ఆ పట్టిక చూస్తే నాకెంతో ముచ్చటగా ఉండేది.

ఆ సంవత్సరం విజయవాడలో బడిపిల్లలకు కంప్యూటరు పోటీ పెట్టారు. మా బడినుంచి ఇద్దరిని పంపాలి. నేను వెంటనే రిజిస్టరు తీశాను. అన్నిటికంటె పైన 62 గంటలవాడు, 58 గంటలవాడు కనిపించారు. వాళ్ళ పేర్లు వ్రాసేశాను. ఆ సాయంత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "నేనూ వెళతాను, మాస్టారూ" అన్నది. రిజిస్టరులో చూశాను. ఆమె గంటలు 9.

"తొమ్మిది గంటలతో పోటీకి ఎట్లా పోతావమ్మా?" అన్నాను. ఆ పిల్ల మరి మాట్లాడలేదు, వెళ్ళిపోయింది.

పోటీకి వెళ్ళిన మా ఇద్దరూ వట్టి చేతులతో తిరిగివచ్చారు. దానికి నేను బాధపడలేదు. గెలుపూ ఓటమీ మామూలే. కాని పది రోజుల తరువాత లెక్కల మాస్టారు ఒక కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పాత క్యాలెండరు కాగితాలు. వెనక వైపున పెన్సిలుతో, వరస వెంట వరసగా, ఒక ప్రోగ్రాము వ్రాసి ఉన్నది. వాళ్ళ నాన్న మిరపకాయల టిక్కీలు యార్డుకు తోలితే ఎంత తూకం, ఎంత కమీషను, ఎంత కూలి పోను చేతికి ఎంత రావాలో లెక్కకట్టే ప్రోగ్రాము అది. ఇంట్లో ఉన్న పాత పట్టీల అంకెలు వేసి, ప్రతి వరసనూ చేతితో చేసి చూసుకున్నది. తప్పు దొరికిన చోట కొట్టివేసి మళ్ళీ వ్రాసుకున్నది. అంతా సరిపోయిన తరువాతనే బడికి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని టకటకా కొట్టి, లేచిపోయేది. అందుకే 9 గంటలు!

మరి 62 గంటలవాడో? పాపం, వాడి తప్పు కూడా లేదు. ఆ ఏడాది మధ్యాహ్నాలు కరెంటు తరచు పోయేది. వాడు చీకటి గదిలో కరెంటు కోసం కూర్చున్న కాలమంతా రిజిస్టరులో "వాడకం" కిందనే పడింది. నేను కొలిచింది కుర్చీని. కంప్యూటరును కాదు, పిల్లవాడి చదువును అంతకంటె కాదు.

ఇంత చిక్కునూ పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు నాకంటె ముందే పడ్డారని తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ కథ మీకు చెబుతాను.

1960ల నాటికి కంప్యూటరు అంటే ఒక గది నిండా బీరువాలు. దాని వాడకానికి గంటకు ఇంత అని లెక్క వేస్తే గుండె ఆగేది. ప్రోగ్రాము వ్రాసేవారిని దాని దగ్గరికి రానిచ్చేవారు కారు. వాళ్ళు తమ ప్రోగ్రామును అట్టముక్కల మీద చిల్లులుగా పొడిపించి, ఆ కట్టను కిటికీ దగ్గర ఇచ్చి పోవాలి. ఇది పిండిమర దగ్గర మన పద్ధతే. గోధుమల సంచీ వరసలో పెట్టి ఇంటికి పోతాం, రెండు గంటలు పోయాక వచ్చి పిండి తెచ్చుకుంటాం. తేడా ఏమిటంటే, పిండిమరలో పిండి తప్పక వస్తుంది. కంప్యూటరు దగ్గర మాత్రం రెండు గంటలు పోయాక "నాలుగో వరసలో కామా లేదు" అని ఒక కాగితం వచ్చేది! ఆ కామా పెట్టి మళ్ళీ వరసలో నిలబడాలి.

అప్పుడే కొత్త పద్ధతి ఒకటి బయలుదేరింది. దానిని టైం షేరింగ్ అన్నారు, అంటే కాలాన్ని పంచి ఇవ్వటం. మీలో కొందరు ఏకోపాధ్యాయ పాఠశాలలో చదివే ఉంటారు. ఒక్క పంతులు గారు, అయిదు తరగతులు, ఒకటే గది. ఒకటో తరగతికి పలక మీద అక్షరం దిద్దమని చెప్పి, మూడో తరగతికి లెక్క ఇచ్చి, అయిదో తరగతి చేత పాఠం చదివిస్తారు. మళ్ళీ ఒకటో తరగతి దగ్గరికి వస్తారు. ఎవరి మటుకు వారికి పంతులు గారు తమతోనే ఉన్నట్టు ఉంటుంది. టైం షేరింగ్‌లో కంప్యూటరు చేసేది ఇదే. ఎదట కూర్చున్న పలువురికీ తన కాలాన్ని చిటికెడు చిటికెడు పంచుతుంది. కామా లేకపోతే అప్పటికప్పుడు చెబుతుంది.

ప్రోగ్రాము వ్రాసేవారికి ఇది పండుగ. కాని కంప్యూటరు కొన్నవారు ఊరుకోలేదు. "మీరు ఎదట కూర్చుని తల గోక్కుంటూ ఉంటే, ఇంత ఖరీదైన యంత్రం మీ కోసం కాచుకోవాలా? ఆలోచన ఇంట్లో చేసుకుని రండి" అన్నారు. రెండు పక్షాలవారికీ నోరు ఉన్నది, కొలత లేదు.

కొలత తీయటానికి కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో, సిస్టం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థలో శాక్‌మన్, ఎరిక్సన్, గ్రాంట్ అనే ముగ్గురు పూనుకున్నారు. వారి వ్యాసం 1968 జనవరిలో అచ్చయింది. "సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు" అనే మాట పెద్దల సభలో పేరుగా మోగింది కూడా ఆ 1968లోనే, అక్టోబరు నెలలో, జర్మనీలోని గార్మిష్ అనే ఊళ్ళో. అంటే ఈ శాస్త్రం పుడుతున్న రోజులలోనే ఈ కొలత జరిగిందన్నమాట.

వారు అనుభవం గల 12 మంది ప్రోగ్రామర్లను తీసుకున్నారు. రెండు పనులు ఇచ్చారు. బీజగణిత సమీకరణాలను చదివి విలువ కట్టే ప్రోగ్రాము ఒకటి. చిక్కుదారుల చట్రంలో బయటపడే దారి కనిపెట్టే ప్రోగ్రాము ఇంకొకటి. కొందరు యంత్రం ఎదట కూర్చుని తప్పులు ఏరుకోవాలి. కొందరు కాగితాలు ఇచ్చి, రెండు గంటల తరువాత జవాబు తీసుకుంటూ ఏరుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న ఆలోచన చెయ్యండి. ఒకే మనిషి చేత ఒకే ప్రోగ్రామును ముందు ఒక పద్ధతిలోనూ, తరువాత రెండో పద్ధతిలోనూ చేయిస్తే ఏమవుతుంది? రెండోసారి అతనికి అన్నీ గుర్తుంటాయి. చిటికెలో అయిపోతుంది. పద్ధతి గొప్పదని మనం మోసపోతాం. పోనీ, చురుకైనవాళ్ళందరూ ఒక పక్షానికీ, నిదానస్తులందరూ మరో పక్షానికీ పడితే? అప్పుడూ మోసమే.

అందుకని సగంమంది బీజగణితాన్ని యంత్రం ఎదటా, చిక్కుదారిని దూరంనుంచీ చేశారు. తక్కిన సగం మంది తారుమారుగా, అంటే చిక్కుదారిని ఎదటా, బీజగణితాన్ని దూరంనుంచీ చేశారు. ప్రతి మనిషీ రెండు పద్ధతులూ చూశాడు, రెండు పనులూ చేశాడు. ఏ పనినీ రెండుసార్లు చెయ్యలేదు. ఇటువంటి అమరికను లాటిన్ చదరం అంటారు.

కొలిచిందేమిటి? నా రిజిస్టరులాగా ఒక్క అంకె కాదు. మనిషి ఎన్ని గంటలు కష్టపడ్డాడు అన్నది ఒకటి. యంత్రపు మెదడు, సీపీయూ అంటారు చూడండి, అది ఈ పని కోసం అచ్చంగా ఎన్ని సెకండ్లు తిరిగింది అన్నది రెండోది. బస్సు భాషలో చెప్పాలంటే డ్రైవరు కాలం వేరు, చక్రాల కాలం వేరు.

ఫలితం చూడండి. బీజగణితపు తప్పులు ఏరటానికి దూరంనుంచి చేసినవారికి సగటున 50.2 గంటలు పట్టింది. ఎదట కూర్చున్నవారికి 34.5 గంటలు. చిక్కుదారికి దూరంనుంచి 12.3 గంటలు, ఎదట 4 గంటలే. మనిషి కష్టం తగ్గింది. మరి యంత్రం? బీజగణితానికి దూరంనుంచి చేస్తే 907 సెకండ్లు తిరిగింది. ఎదట కూర్చుంటే 1,266 సెకండ్లు. చిక్కుదారికి 191 సెకండ్లు ఉన్నది 229 అయింది. అంటే యంత్రం వాడకం పెరిగింది. జవాబు అప్పటికప్పుడు వస్తున్నదంటే మనిషి చీటికి మాటికి అడుగుతాడు గదా!

బీజగణితం దగ్గర ఆగి తీసివేత చెయ్యండి. మనిషికి దాదాపు 16 గంటలు మిగిలాయి. యంత్రానికి దాదాపు 6 నిమిషాలు అదనంగా పడ్డాయి. ఇందులో ఏది లాభం? అది అంకె చెప్పదు. యంత్రం నిమిషానికి ఎంత ఖరీదు, మనిషి గంటకు ఎంత జీతం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆనాడు యంత్రం కాలం చాలా ప్రియం, కాబట్టి రెండు పక్షాలవారికీ ఈ పట్టికలో తమకు కావలసిన అంకె దొరికింది. ఈనాడు యంత్రం చవక అయింది. మీ ఇంట్లో ఫోను రాత్రి పగలు ఊరికే పడి ఉన్నా ఎవరూ లెక్క వెయ్యరు.

కాని ఆ వ్యాసం లోకంలో పేరు పొందింది ఈ అంకెల వల్ల కాదు. ఆ 12 మందిలో బీజగణితానికి అందరికంటె తక్కువ పట్టినవారికి 6 గంటలు, అందరికంటె ఎక్కువ పట్టినవారికి 170 గంటలు పట్టాయి. భాగహారం చేస్తే 28! "ఒక ప్రోగ్రామరుకు మరొక ప్రోగ్రామరుకు 28 రెట్లు తేడా" అనే మాట దావానలంలాగా పాకింది. వెతికి సాధించినది కాక, దారిలో దొరికినది చేత పట్టుకున్నారన్నమాట. ఏళ్ళ తరబడి పుస్తకాలలో ఎక్కింది.

ఆ 28 దగ్గర నాకు నా 62, 9 గుర్తుకు వస్తాయి. పరిశీలించి చూస్తే ఆ ఇద్దరూ ఒకే స్థితిలో పని చేసినవారు కారు. కొందరు యంత్రం ఎదట, కొందరు దూరంనుంచి చేశారని చెప్పాను గదా. అంతే కాదు, కొందరు మనిషికి తేలికగా ఉండే పైస్థాయి భాషలో ప్రోగ్రాము వ్రాశారు. కొందరు యంత్రపు భాషలోనే, ఒక్కొక్క మెట్టూ విడదీసి వ్రాశారు. ఒకడు సైకిలు మీద పెనుగంచిప్రోలు పోయాడు, ఇంకొకడు నడిచిపోయాడు. గంటలు భాగించి "వీడు వాడికంటె ఇన్ని రెట్లు చురుకు" అంటే న్యాయమా? పైగా ఉన్నది 12 మందే. అందులోనూ మొదటివాణ్ణీ చివరివాణ్ణీ మాత్రమే పట్టుకుంటే, ఒక్కడికి జ్వరం వచ్చినా అంకె తలకిందులవుతుంది. 1999లో జర్మనీలో లుట్జ్ ప్రెషెల్ట్ అనే ఆయన ఈ సంగతంతా తిరగతోడి, ఇంకా చాలా ప్రయోగాల లెక్కలు కలిపి చూసి, 28 తప్పుడు అంకె అని వ్రాశాడు. ఒక్క మొదటివాణ్ణీ ఒక్క చివరివాణ్ణీ కాక, చురుకైన పావు భాగం మందినీ నిదానమైన పావు భాగం మందినీ పోల్చండి అన్నాడు. మనుషులలో తేడా లేదని ఆయన అనలేదు. తేడా ఉన్నది, 28 మాత్రం కాదు అన్నాడు. ఆయన అట్లా వ్రాసిన తరువాత కూడా 28 అనేవాళ్ళు 28 అంటూనే ఉన్నారు. గుండ్రంగా నోటికి పట్టిన అంకె అంత తొందరగా వదలదు.

ఇంతకూ ఈ తారుమారు అమరికలు, ఈ చదరాలు ఎక్కడనుంచి వచ్చాయి? పొలంలోనుంచి! మన మెట్ట రైతుకు చెప్పనక్కరలేదు. ఒకే చెలకలో ఒక మూల నల్లరేగడి, ఒక మూల గరువు. కొత్త రకం మిరపను రేగడి మూల వేసి, పాత రకాన్ని గరువు మూల వేసి, "కొత్తది బాగా కాసింది" అంటే, కాసింది విత్తనమా, నేలా? ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో 1919 నుంచి పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ ఈ చిక్కును విడదీశాడు. పొలాన్ని గళ్ళుగా కోసి, ప్రతి వరసలోనూ ప్రతి నిలువులోనూ ప్రతి రకమూ ఒక్కొక్కసారి పడేటట్టు అమర్చమన్నాడు. అప్పుడు నేల తేడా అందరికీ సమానంగా పంచుకుపోతుంది.

ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో చదివి 1948లో డాక్టరు పట్టం పుచ్చుకున్న ఒక తెలుగువాడు చిన్నప్పుడు మన నందిగామలో బడికి వెళ్ళాడని మీకు తెలుసా?

ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. లోకానికి సి. ఆర్. రావు. 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉన్నది. తల్లిదండ్రులకు ఎనిమిదో సంతానం గనక, దేవకీదేవి ఎనిమిదో బిడ్డ పేరు పెట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి కావటాన ఊరూరూ బదిలీలు. ఆ బదిలీల వెంట చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణం తిరిగింది. తెల్లవారుజామున 4 గంటలకు తల్లి లక్ష్మీకాంతమ్మ గారు ఆయనను లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారు. పెద్దయ్యాక ఆయన ఒక పుస్తకాన్ని ఆమెకు అంకితమిస్తూ ఈ సంగతి చెప్పుకున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. మహలనోబిస్ గారు స్థాపించిన సంస్థ అది. 1956లో మన దేశానికి మొట్టమొదటి డిజిటల్ కంప్యూటరు వచ్చింది కూడా అక్కడికే. కాని రావు గారు ఇప్పుడు నేను చెప్పబోయే ఊహను అంతకు పదేళ్ళ ముందే, కాగితం మీదనే చేశారు. దాని పేరు ఆర్తోగొనల్ అర్రే. పేరు చూసి భయపడకండి, మీరు ఇంట్లోనే చెయ్యవచ్చు.

ఒక ఫోను ప్రోగ్రాము ఉన్నదనుకోండి. దానికి మూడు మీటలు. భాష తెలుగా, ఇంగ్లీషా? తెర వెలుగా, చీకటా? నెట్టు ఉన్నదా, లేదా? అన్ని కలయికలూ పరీక్షించాలంటే 2 ను మూడుసార్లు వేసి హెచ్చించండి. 8 పరీక్షలు. ఇప్పుడు నాలుగే పరీక్షలు చేద్దాం. మొదటిది: తెలుగు, వెలుగు, నెట్టు ఉన్నది. రెండోది: తెలుగు, చీకటి, నెట్టు లేదు. మూడోది: ఇంగ్లీషు, వెలుగు, నెట్టు లేదు. నాలుగోది: ఇంగ్లీషు, చీకటి, నెట్టు ఉన్నది. వీటిలో ఏ రెండు మీటలనైనా పట్టుకుని చూడండి. భాషనూ తెరనూ చూస్తే నాలుగు జతలూ వచ్చాయి. భాషనూ నెట్టునూ చూసినా నాలుగూ వచ్చాయి. తెరనూ నెట్టునూ చూసినా అంతే! ఏ రెండు మీటలు కలిసినందువల్ల తప్పు పుట్టినా ఈ నాలుగు పరీక్షలలో ఎక్కడో ఒకచోట బయటపడాలి.

మూడు మీటలకు 8 బదులు 4 అంటే పెద్ద లాభం కనిపించదు. 7 మీటలు ఉంటే కలయికలు 128. ఈ అమరికలో 8 పరీక్షలు చాలు. 15 మీటలకు కలయికలు 32,768. ఈ అమరికలో 16! ఇందుకు బదులుగా మనం ఇచ్చేదీ ఒకటి ఉన్నది. మూడు మీటలు ప్రత్యేకంగా ఒక్క తీరున కలిస్తేనే వచ్చే తప్పు మన నాలుగు పరీక్షలకు చిక్కకపోవచ్చు. దానికి ఇంకా గట్టి అమరిక కావాలి. అవీ రావు గారి పద్ధతిలో ఉన్నాయి, పరీక్షల సంఖ్య కొంచెం పెరుగుతుంది.

రావు గారు 1947లో ప్రకటించిన వ్యాసం ఈ విషయంలో ముఖ్యమైనది. 1950లలో టాగుచి అనే జపాను ఇంజనీరు కలకత్తా సంస్థకు వచ్చాడు. తరువాత ఆయన ఈ అమరికలను కార్ఖానాలలో వాడి ప్రసిద్ధి కెక్కించాడు. కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించేవారు ఈనాడూ వీటిని వాడుతున్నారు. యంత్రం వాడకాన్ని ఆదా చెయ్యటంలో ఇంతకంటె చక్కని ఉపాయం నాకు తెలియదు. రావు గారికి 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. 2023లో గణాంక శాస్త్రపు అంతర్జాతీయ బహుమానం ప్రకటించారు. అప్పటికి ఆయనకు 102 ఏళ్ళు. ఆ ఏడాదే ఆగస్టు 22న అమెరికాలోని బఫెలోలో కన్నుమూశారు. నందిగామ ఇప్పుడు కృష్ణా జిల్లాలో లేదు, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్ళింది. అయినా ఆ బడుల పిల్లలు ఎవరైనా ఈ వ్యాసం చదివితే ఒకసారి ఛాతీ విప్పుకోవచ్చు.

మళ్ళీ గడియారం సంగతికి వద్దాం. ఇప్పటి కంప్యూటరులో కొలత తీయటం తేలిక. యునిక్స్ అనే పద్ధతిలో నడిచే యంత్రాలలో "టైం" అని ఒక ఆజ్ఞ ఉన్నది. ఏ ప్రోగ్రాముకైనా ముందు దాన్ని తగిలిస్తే పని ముగిశాక మూడు అంకెలు ఇస్తుంది. గోడ గడియారం ప్రకారం ఎంతసేపు గడిచింది అనేది ఒకటి. మెదడు ఆ ప్రోగ్రాము సొంత పనికి ఎంత తిరిగింది అనేది మరొకటి. దాని తరఫున ఫైలు తెరవటం, అక్షరాలు అందించటం వంటి ఇంటి చాకిరీకి ఎంత తిరిగింది అనేది మూడోది.

ఒక్కొక్కప్పుడు గోడ గడియారం 1 నిమిషం అంటుంది, మెదడు 4 నిమిషాలు తిరిగానంటుంది. అబద్ధమా? కాదు. మిరప కోతకు అయిదుగురు కూలీలను పిలిచారనుకోండి. గంటలో చేను కోసేస్తే, గడియారానికి ఒక గంట, కూలి లెక్కకు అయిదు గంటలు. ఇప్పటి యంత్రాలలో ఒకటి కాక నాలుగు, ఎనిమిది మెదళ్ళు ఉంటాయి. అవి పంచుకుని పని చేసినప్పుడు లెక్క ఇట్లా వస్తుంది.

ఇంకొక చమత్కారం. ఒకే ప్రోగ్రామును వెంటవెంటనే రెండుసార్లు నడిపితే, రెండోసారి తరచు తొందరగా ముగుస్తుంది. మొదటిసారి గోదాములోనుంచి తెచ్చుకున్న సరుకు కొంత ఇంకా చేతికిందనే ఉంటుంది గదా. అందుకని జాగ్రత్త గలవారు ఒక్కసారి కొలిచి ఊరుకోరు. పది, ఇరవై సార్లు నడిపి చూస్తారు.

యంత్రాన్ని ఇట్లా కొలవవచ్చు గాని, మనిషిని కొలవటమే కష్టం. ప్రోగ్రాము వ్రాసేవాడు ఏ క్షణాన ఏ మీట నొక్కాడో, ఏ తెర ఎంతసేపు చూశాడో యంత్రం చేతనే గుర్తుపెట్టించి పరిశోధనలు చేస్తున్నారు. అయితే అతను పది నిమిషాలు ఏ మీటా నొక్కలేదు. ఆలోచిస్తున్నాడా? కాఫీకి పోయాడా? యంత్రానికి తెలియదు. పైగా తనను కొలుస్తున్నారని తెలిసిన మనిషి మామూలుగా ఉండడు. బడి తనిఖీకి అధికారి వచ్చిన రోజున మీ తరగతి ఎట్లా ఉంటుందో తలచుకోండి. ఆ రోజు లెక్క చూసి ఏడాది లెక్క వేస్తే ఎట్లా? అదిగాక, కొలిచే ముందు ఆ మనిషిని అడిగి, సరేనన్న తరువాతనే కొలవటం మర్యాద.

సెలవులలో మీరూ ఒక ప్రయోగం చెయ్యండి. పన్నెండుమంది దొరక్కపోతే నలుగురు చాలు. ఒకే రకపు కష్టంగల గుణకారాలు పది పది చొప్పున రెండు చీట్లు వ్రాయండి. ఇద్దరు మొదటి చీటీని కాగితం మీదా, రెండో చీటీని ఫోనులోని గణకం మీదా చేస్తారు. తక్కిన ఇద్దరు తారుమారు. ఒకరు గడియారం చూసి మొత్తం కాలం వ్రాయాలి. ఇంకొకరు ఫోను మీద వేళ్ళు ఆడిన కాలం మాత్రమే వ్రాయాలి. తప్పులెన్నో మూడో వరసలో వెయ్యండి; అది మరవకండి, తొందరగా తప్పు చేసినవాడికి బహుమానం ఇవ్వలేము గదా. నాన్న ఫోను అయితే ముందు అడిగి తీసుకోండి.

నా రిజిస్టరు ఏమైందని అడుగుతారేమో. ఆ మరుసటి జూనులో కొత్తది కుట్టించాను. ఈసారి గళ్ళు నాలుగు: కుర్చీలో కూర్చున్న కాలం, కరెంటు ఉన్న కాలం, ఇంటి దగ్గర కాగితం మీద పనిచేసిన కాలం, పూర్తి అయిన పని. ఇంటి కాలం ఎవరికి వారే వ్రాసేది గనక నమ్మటం తప్ప దారి లేదు. నమ్మాను. తనిఖీకి వచ్చిన ఒక అధికారి చూసి, "ఇన్ని గళ్ళెందుకండీ, మాకు ఒక్క అంకె పంపిస్తే చాలు" అన్నారు. ఆయనకు ఒక్క అంకే పంపాను, నాలుగు గళ్ళూ నా దగ్గర ఉంచుకున్నాను.

ఆ అమ్మాయి పదో తరగతికి వచ్చింది. కొత్త రిజిస్టరులో మొదటి వరస ఆమెదే. కుర్చీలో 40 నిమిషాలు, కాగితం మీద 5 గంటలు అని వ్రాసి, నాలుగో గడిలో "పట్టీ లెక్క, వడ్డీతో సహా" అని వ్రాసింది. ఆమెను పిలిచి, ఈ ఏడు పోటీకి నిన్నే పంపుతానమ్మా అని చెప్పాను. "సరే, మాస్టారూ" అన్నది.

ఆ ఏడు పోటీ పెట్టలేదు.